విత్తనాల కవర్లు, ఆరంకెలు: ఒక ప్రాజెక్టు డైరీ

మే 18, 2025, ఆదివారం

తిరిగొచ్చిన కవర్లు ఇవాళ్టికి 47 అయ్యాయి. మాస్టారు వాటిని అరుగు మీద వరసగా పేర్చి పెట్టారు. నెల మొదట్లో మేం పంపినవి 412. అంటే దాదాపు తొమ్మిదింటికి ఒకటి వెనక్కొచ్చింది. ఒక్కో కవర్లో ఐదు పొట్లాలు: నాటు బీర, పొట్ల, ఆనప, చిక్కుడు, గోరుచిక్కుడు. మాస్టారు పెరట్లో కాయించి, ఎండబెట్టి, బూడిద కలిపి దాచినవి. అడిగిన రైతులందరికీ ఉచితంగా పంపుతాం.

"అబ్బాయ్, ఏరువాక పున్నమిలోగా ఇవి మళ్ళీ బయల్దేరాలి. తొలకరి దాటాక అందితే ఏం చేసుకుంటారు?" అన్నారు. పున్నమి జూన్ 11న. మూడు వారాలు టైముంది.

అడ్రసుల పని నాది. రైతులు ఫోన్లో ఫారం నింపారు, నేను లేబుళ్ళు తీశాను. పిన్ రాయనివాళ్ళకు ఊరి పేరు నెట్‌లో కొట్టి, ముందు కనిపించిన పిన్ వేసేశాను. పని త్వరగా అవుతుందనుకున్నాను. ఆ పొరపాటు ఎక్కడిదాకా వెళ్ళిందో ఒక్క కవరు చూస్తే అర్థమైంది. అది మెదక్ వైపు నర్సాపూర్‌కి వెళ్ళాలి. అక్కడి పిన్ 502313. నేను వేసింది 534275, అది పశ్చిమ గోదావరి నరసాపురానిది. కవరు వెనక ముద్రలు అరిగిన సిరాతో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. పక్కన నీలం పెన్నుతో "ఈ పేరు గలవారు లేరు" అని పోస్టుమాన్ చేతిరాత. పాపం, ఆయన నాలుగు వీధులు తిరిగే ఉంటాడు.

మిగతావాటి మీద ఎక్కువగా ఉన్న మాట "అడ్రసు సరిపోదు". కొన్నిటి మీద "తలుపు తాళం". ముందు వీటిని విడదీయాలి. ఏది మా తప్పు, ఏది కాదు అన్నది తేలాలి.

మే 20, మంగళవారం

మాస్టారి ఊళ్ళో బ్రాంచి పోస్టాఫీసుకి వెళ్ళాను. ఒక ఇంటి ముందు గదే ఆఫీసు. బల్ల, తూకం, సిరా ప్యాడు, తేదీ ముద్ర, గోడకి సేవింగ్స్ ఖాతాల పోస్టరు. బ్రాంచి పోస్టుమాస్టరు ఒకావిడ. నేను వెళ్ళేసరికి సంచి అప్పుడే వచ్చింది. మూతికట్టు విప్పి, లోపలున్నవన్నీ బల్ల మీద గుమ్మరించారు. తర్వాత సంచిని పూర్తిగా తిరగేసి రెండుసార్లు దులిపారు. అడుగు కుట్టు దగ్గర ఒక్క కార్డు ఇరుక్కున్నా ఎవరో ఒకరికి నష్టం అన్నారు.

మా కవర్లు చూపించి అడిగాను: "పిన్ సరిగ్గానే ఉన్నవి కూడా తిరిగొచ్చాయండీ, ఎందుకు?"

"పిన్ మీ ఊరిది అనుకుంటున్నారు కదండీ? మా ఊరికి సొంత పిన్ లేదండి. ఇది మా సబ్ పోస్టాఫీసుది. ఆ ఆఫీసు కింద మాలాంటి బ్రాంచిలు ఏడున్నాయి. అందరికీ అదే నంబరు."

"అయితే కవరు ఇక్కడిదాకా ఎలా వస్తుందండీ?"

"ఆరంకెలు సబ్ పోస్టాఫీసు దాకా తెస్తాయండి. అక్కణ్ణుంచి మా సంచిలో పడాలంటే మా బ్రాంచి పేరుండాలి. మీరు ఊరు రాశారు, మండలం రాశారు, జిల్లా రాశారు. పోస్టు ఏదో రాయలేదు."

నిజమే. మా తాతగారి రోజుల్లో ఉత్తరం మీద ఊరి పేరు కింద "ఫలానా పోస్టు, వయా ఫలానా" అని తప్పకుండా ఉండేది. నా ఫారంలో ఆ గడే లేదు. ఊరి పేరూ పోస్టు పేరూ ఒకటే అనుకున్నాను. చిన్న ఊళ్ళకి పక్క ఊళ్ళోనే పోస్టాఫీసు ఉంటుంది, కొన్నిసార్లు అది పక్క మండలంలో ఉంటుంది.

వచ్చేటప్పుడు ఆవిడ ఇంకో మాట చెప్పారు: "మా పోస్టుమాన్ రోజూ ఏ దారిన వెళ్తాడో ఆ దారే అడ్రసండి." ఇంటికొచ్చి నోట్‌బుక్ మొదటి పేజీలో ఇదే రాసుకున్నాను.

మే 24, శనివారం

కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా సైట్ నుంచి అఖిల భారత పిన్‌కోడ్ డైరెక్టరీ దించాను. ఒక్కో పోస్టాఫీసుకి ఒక్కో వరస. మొత్తం లక్షన్నరకు పైగా వరసలు. వేర్వేరు పిన్‌లు లెక్కిస్తే 19 వేల పైచిలుకు. అంటే సగటున ఒక పిన్ కింద ఎనిమిది ఆఫీసులు. ఆవిడ చెప్పిన ఏడు బ్రాంచిలు, ఒక సబ్ పోస్టాఫీసు కలిపితే అచ్చంగా అంతే!

డైరెక్టరీలో నాకు బాగా పనికొచ్చిన గడి "డెలివరీ ఉందా లేదా" అన్నది. కొన్ని పోస్టాఫీసుల్లో బుకింగ్, ఖాతాల పనే జరుగుతుంది, అక్కణ్ణుంచి పోస్టుమాన్ బయల్దేరడు. ఊళ్ళో పోస్టాఫీసు కనిపించింది కదా అని దాని పేరు రాస్తే పని కాదు. అలాంటివన్నీ ముందే తీసేశాను.

ఆరంకెల సంగతి చాలామందికి స్కూల్లో చెప్పి ఉంటారు కానీ, పని మీద చూస్తేనే రుచి తెలుస్తుంది. మొదటి అంకె పెద్ద జోన్. 5 అంటే మనం, కర్ణాటక. 9 సైన్యం టపాకి. మొదటి రెండంకెల్లో 50 తెలంగాణది, 51 నుంచి 53 ఆంధ్రది. మూడంకెలకి వస్తే ఉత్తరాలు విడదీసే జిల్లా: 506 వరంగల్, 515 అనంతపురం, 532 శ్రీకాకుళం, 533 తూర్పు గోదావరి. చివరి మూడు అంకెలు డెలివరీ ఆఫీసువి. మా 533లో చివరి మూడంకెలు వరసలో పెడితే ఒక దారి నడిచినట్టుంటుంది: తుని 401, పెద్దాపురం 437, సామర్లకోట 440, పిఠాపురం 450.

దీన్ని 1972 ఆగస్టు 15న మొదలుపెట్టారు. రూపొందించినది శ్రీరామ్ భికాజీ వేలంకర్, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో పెద్ద అధికారి, సంస్కృత కవి కూడా. ఒకే పేరున్న ఊళ్ళు ఎన్నో, అడ్రసు రాసే భాషలు ఎన్నో. ఏ భాషలో రాసినా అంకెలు చూసి విడదీయొచ్చన్నది ఆలోచన. మన రామాపురాలూ వెంకటాపురాలూ కొత్తపల్లెలూ తల్చుకుంటే ఆయనకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

మొదటి పరీక్షగా పిన్ మొదటి మూడంకెలు, రాసిన జిల్లా కలుస్తున్నాయా అని చూసే చిన్న ప్రోగ్రాం రాశాను. నడిపితే 140 అడ్రసులు తప్పని వచ్చింది. గుండె జారిపోయింది. నిదానంగా చూస్తే వాటిలో ఎక్కువ భాగం సరైనవే. తెలంగాణ జిల్లాలు 2016లో పది నుంచి 31 అయ్యాయి, తర్వాత 33. ఆంధ్రలో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. పిన్‌లు మాత్రం కదల్లేదు. కాకినాడ జిల్లా, కోనసీమ జిల్లా, తూర్పు గోదావరి జిల్లాలో చాలా భాగం ఇంకా 533లోనే ఉన్నాయి. 2022లో ఏర్పడిన అల్లూరి జిల్లా ఒక్కదాన్నే, అప్పటి హద్దులతో, తీసుకుంటే పాడేరు 531024, రంపచోడవరం 533288, చింతూరు 507126. ఒకే జిల్లాకి మూడు మొదళ్ళు! చింతూరు 2014 దాకా ఖమ్మంలో ఉండేది, ఆ 507 దాని గుర్తు.

వీటన్నిటికన్నా నాకు నచ్చింది యానాం. పాలన పుదుచ్చేరిది, పుదుచ్చేరి పట్నం పిన్‌లు 605తో మొదలవుతాయి. యానాం పిన్ మాత్రం 533464. ఉత్తరాలు మన గోదావరి దారిలోనే వస్తాయి కాబట్టి. పిన్ ఎవరి పాలనో పట్టించుకోదు, సంచి ఏ దారిన వస్తుందో అదే చెబుతుంది. బ్రాంచి పోస్టుమాస్టరు గారి మాటే మళ్ళీ గుర్తొచ్చింది.

జిల్లా పరీక్ష తీసేశాను. పాత జిల్లాల పట్టిక పెట్టి మళ్ళీ నడిపాను. తప్పులు 22కి దిగాయి.

మే 25, ఆదివారం

ఒక తేడా గమనించాను, రాసిపెట్టుకోవాలి. స్పీడ్ పోస్టు కవరు రసీదు మీద పదమూడు అక్షరాల నంబరుంటుంది కదా, అందులో అంకెలు తొమ్మిది. చివరిది తనిఖీ అంకె. ముందున్న ఎనిమిదింటినీ వరసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, కూడి, 11తో భాగించి, మిగిలినదాన్ని 11 లోంచి తీసేస్తే అది రావాలి (10 వస్తే 0, 11 వస్తే 5). ఒక్క అంకె తప్పు కొట్టినా దాదాపు ప్రతిసారీ పట్టేస్తుంది. పిన్‌కి అలాంటిది లేదు. 533214 అనబోయి 533241 అంటే కంప్యూటర్ కిమ్మనదు. ఒక ఊరికి వెళ్ళాల్సింది ఇంకో ఊరికి వెళ్తుంది. కాబట్టి పిన్ ఒక్కటే చూసి నమ్మకూడదు. పిన్, పోస్టు పేరు రెండూ ఒకదాన్నొకటి సాక్ష్యం చెప్పాలి. ప్రోగ్రాం అంతా ఇకమీద ఈ లెక్కనే.

మే 28, బుధవారం

నిన్న తపాలా శాఖ డిజిపిన్ విడుదల చేసింది, నేల మీద ప్రతి చోటుకీ ఒక గుర్తు ఇచ్చే పద్ధతి. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ కలిసి చేసిన పని. రెండూ మన దగ్గరివే కాబట్టి ఇంకాస్త ఆసక్తి. కోడ్ బయట పెట్టారు, రాత్రి కూర్చుని చదివాను.

దేశాన్నంతా ఒక చదరంలో పెట్టారు: ఉత్తర అక్షాంశం 2.5 నుంచి 38.5 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 63.5 నుంచి 99.5. అటూ ఇటూ 36 డిగ్రీలే. దాన్ని నిలువు నాలుగు, అడ్డం నాలుగు చేస్తే 16 గళ్ళు. ఒక్కో గడికి ఒక గుర్తు: 2 నుంచి 9 దాకా అంకెలు, సీ, జే, కే, ఎల్, ఎం, పీ, ఎఫ్, టీ. ఆ గడిని మళ్ళీ 16 ముక్కలు. ఇలా పదిసార్లు. 36ని పదిసార్లు నాలుగుతో భాగిస్తే మిగిలేది నాలుగు మీటర్లు కూడా ఉండదు. అంటే మాస్టారి ఇంటి గుమ్మానికి ఒకటి, బావి దగ్గర ఇంకొకటి. కాగితం మీద చేత్తో వేసి చూస్తే హైదరాబాద్ మొదటి గుర్తు 4, విశాఖది 5, ఢిల్లీది 3 వచ్చాయి. ప్రోగ్రాం కూడా అదే చెప్పింది. సంతోషమేసింది.

డోర్ నంబర్లు లేని గూడేలకి, తండాలకి ఇది పెద్ద వరం. అంబులెన్సుకి చెప్పాలన్నా పనికొస్తుంది. కానీ మా కవర్లకి ఇది పిన్ బదులు కాదు. 4, 5 గుర్తులున్న గళ్ళ మధ్య గీత 81.5 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. అది భీమవరం పడమటి అంచున వెళ్తుంది. ఉండి గుర్తు 4తో మొదలైతే భీమవరం 5తో మొదలవుతుంది. ఉండి పిన్ 534199, భీమవరం 534201, పక్కపక్కనే. నేల మీద గీసిన గళ్ళకి గోదావరి కాలవలూ రోడ్లూ తెలియవు. పిన్‌కి తెలుసు. అందుకని డిజిపిన్‌ని రైతు ఫైల్లో దాచుకుంటున్నాను, కవరు మీద మాత్రం పిన్నే.

జూన్ 1, ఆదివారం

పేర్లు కలపడం దగ్గరే వారమంతా పోయింది. రైతులు తెలుగులో రాస్తారు, డైరెక్టరీ ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. తిమ్మాపురం టీతో మొదలవుతుందా, టీ పక్కన హెచ్ ఉంటుందా అన్నది ఆ ఫైలు తయారుచేసిన చేతిని బట్టి. అందుకని రెండు వైపులా పేర్లని ఎముకల గూడుగా మార్చాను: హెచ్‌లు తీసేయడం, జంట అక్షరాలని ఒకటి చేయడం, డబ్ల్యూని వీ చేయడం, రెండు ఓలని యూ చేయడం. తర్వాత పోల్చడం.

బాగానే పనిచేసింది, ఒక్క చోట తప్ప. కొత్తూరు, కోటూరు రెండూ ఒకటైపోయాయి! హెచ్ తీసేస్తే రెండిటికీ అవే అక్షరాలు మిగులుతాయి. అందుకని ప్రోగ్రాం ఎప్పుడూ తనంతట తాను మార్చకూడదని నియమం పెట్టాను. సందేహం ఉన్న వరసకి పసుపు రంగు వేస్తుంది, నిర్ణయం నేను తీసుకుంటాను.

412లో 331 నేరుగా కలిశాయి. 58కి పిన్ ఒకటి చెబితే పేరు ఇంకొకటి చెబుతోంది. 23కి ఏదీ దొరకలేదు. తిరిగొచ్చిన 47లో 38 ఈ 81లోనే ఉన్నాయి. మిగతా తొమ్మిదీ తాళాలు, వలసలు. ఇప్పుడు దారి తెలిసింది.

81 మందికీ ఫోన్లు మొదలుపెట్టాను. "మీ పిన్ ఎంతండీ?" అంటే సగం మంది తడబడుతున్నారు. "మీ పోస్టుమాన్ ఏ ఊరి నుంచి వస్తాడండీ?" అంటే టక్కున చెబుతున్నారు. శ్రీకాకుళం వైపు ఒక పెద్దావిడ పోస్టుమాన్ పేరు, సైకిల్ రంగు, వచ్చే టైము కూడా చెప్పారు. పిన్ మాత్రం మనవణ్ణి అడిగారు.

జూన్ 4, బుధవారం

ఈ పనిలో పడ్డాక పిన్ ఎక్కడెక్కడ ఉందో కనిపిస్తోంది. బావ లారీ ట్రాన్స్‌పోర్టులో ఉన్నాడు. సరుకు రవాణాకి కావాల్సిన ఈ-వే బిల్లు తీసేటప్పుడు పంపే చోటు పిన్, చేరే చోటు పిన్ కొడితే దూరం అదే వేస్తుందట. దానికన్నా పది శాతం దాకా పెంచుకోవచ్చు. 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు. "పిన్ తప్పు పడితే దూరం తప్పుతుంది, దూరం తప్పితే గడువు తప్పుతుంది, చెక్‌పోస్టులో టెన్షన్ నాకు" అన్నాడు. 2021 మేలో వ్యాక్సిన్ స్లాటు కోసం రాత్రిళ్ళు ఒక పిన్ తర్వాత ఇంకో పిన్ కొట్టి వెతికిన రోజులు మర్చిపోలేం. శబరిమలకి సొంత పిన్ ఉంది, 689713. సీజన్‌లో మాత్రమే నడిచే పోస్టాఫీసు అది.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ ఊరి నుంచి ఒకాయన మా కవర్ల ఖర్చు పెట్టుకుంటానన్నారు. ఆయన పంపిన దాతల పట్టికలో జిప్ కోడ్‌లన్నీ (అక్కడి పిన్‌లు, ఐదంకెలుండాలి) నాలుగంకెలే ఉన్నాయి! న్యూజెర్సీ జిప్‌లు సున్నాతో మొదలవుతాయి, 08820ని ఎక్సెల్ సంఖ్య అనుకుని 8820 చేసేసింది. మన పిన్‌లు సున్నాతో మొదలవ్వవు కాబట్టి ఈ ప్రమాదం నాకు ఎప్పుడూ తగల్లేదు. ఇక నుంచి మా ఫైల్లోనూ ఆ గడి అక్షరాల కిందే ఉంచుతాను.

ఫారంలో 000000 అని ఉన్న ఒక వరస సంగతీ తేలింది. ఆ అబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ పిన్‌లు లేవు, ఏ ఫారం అడిగినా సున్నాలు కొట్టడం అలవాటు. విత్తనాలు కోరింది కోనసీమలో ఉన్న వాళ్ళమ్మ కోసం. నా ఫారంలో "ఎవరికి పంపాలి" అన్న ప్రశ్న వేరుగా లేదు. చేర్చాను.

ఇంకో విషయం. ఏ పిన్‌లో ఎవరు ఏ విత్తనం అడిగారో మ్యాపు వేసి అందరికీ చూపిద్దామనుకున్నాను. వేసి చూశాక ఆపేశాను. ఏజెన్సీలో ఒక్క పిన్ కింద ఎన్నో గూడేలు, ఊరు దాటి ఊరు. పట్నంలో పిన్ అంటే కొన్ని వీధులు. ఒకే రంగు వేస్తే అడవంతా మనదే అన్నట్టు కనిపిస్తుంది. పైగా కొన్ని పిన్‌లలో మాకున్నది ఒక్క రైతే. ఆ చుక్క పెడితే ఆయన ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది. అమెరికాలో జిప్ కోడ్, పుట్టిన తేదీ, ఆడా మగా అన్న మూడు వివరాలతోనే జనంలో 87 శాతం మందిని విడిగా గుర్తించవచ్చని డేటా గోప్యత మీద పరిశోధన చేసే లటాన్యా స్వీనీ లెక్కగట్టి చూపించారు. మన దగ్గర ఒక్కో పిన్ కింద జనం ఎక్కువే అయినా, మా పట్టిక చిన్నది. ఐదుగురి కన్నా తక్కువున్న పిన్‌లని మొదటి మూడంకెల కిందకి కలిపేశాను.

జూన్ 6, శుక్రవారం

47 కవర్లూ బల్ల మీద. కొత్త లేబులు ఇలా: పేరు, ఇంటి గుర్తు, ఊరు. కింద విడిగా పెద్ద అక్షరాల్లో "పోస్టు:" అని బ్రాంచి పేరు. దాని కింద సబ్ పోస్టాఫీసు, జిల్లా. చివర ఆరంకెలు, మధ్యలో ఖాళీతో, 533 464 అన్నట్టు. చెవికి కూడా అలాగే ఇంపు. ఫోన్ నంబరు తప్పనిసరి.

మాస్టారు ఒక్కో పొట్లం విప్పి విత్తనాలు అరచేతిలో పోసుకుని చూశారు. రెండు ప్రయాణాల్లో చెమ్మ తగిలిందేమోనని ఆయన భయం. ఆరు పొట్లాల్లో ఆనప గింజలు మార్చారు. పదకొండింటికి సంచి కడతారు. పది ముప్పావుకి అన్నీ ఇచ్చేశాం. బ్రాంచి పోస్టుమాస్టరు గారు లేబులు చూసి "ఇప్పుడు బాగుందండి" అన్నారు. ఆ మాటకి మాస్టారు నావైపు చూసిన చూపు చాలు.

జూన్ 22, ఆదివారం

44 చేరాయి. తొమ్మిది తాళాల ఇళ్ళలో ఏడింటికి పక్కింటివాళ్ళ పేరు కూడా రాశాం, అందుకే అందాయి. రెండు తిరిగొచ్చాయి, ఆ కుటుంబాలు పనికి వేరే ఊరు వెళ్ళాయట. ఒకటి ఇంకా దారిలో చూపిస్తోంది.

ఫారం మార్చేశాను. ఇప్పుడు మొదటి ప్రశ్న పిన్ కాదు. "మీ ఉత్తరాలు ఏ ఊరి పోస్టాఫీసు నుంచి వస్తాయి?" అన్నది. దానికి జవాబు రాస్తే డెలివరీ ఉన్న ఆఫీసుల్లోంచి దగ్గరి పేర్లు నాలుగు చూపిస్తుంది, ఎంచుకుంటే పిన్ దానంతటదే పడుతుంది.

సాయంత్రం నా నంబరుకి ఫోన్ వచ్చింది. చింతూరు వైపు నుంచి, పోస్టుమాన్. దారిలో ఉందన్న ఆ కవరు ఆయన చేతిలో ఉంది. "పేరు ఇద్దరికి ఉందండి ఇక్కడ, మీ మనిషి ఏటి అవతల గూడెమా, ఇవతలా?" అని అడిగారు. ఫైల్లో దాచిన డిజిపిన్ మ్యాపు మీద పెట్టి చూశాను. అవతల. "అయితే రేపు అటు వెళ్ళే రోజేనండి, ఇచ్చేస్తాను" అన్నారు.